పదిహేను దీపముల వేదిక

జపాను దేశమున సంవత్సరాంతపు రాత్రి యనగా ఇంటిల్లిపాదియు టెలివిజను ముందు కూర్చుండు రాత్రి. ఎన్.హెచ్.కె. సంస్థవారు పేరుమోసిన గాయనీగాయకులను ఎఱ్ఱజట్టు, తెల్లజట్టు అని రెండుగా విభజించి పాడించు ‘కోహకు’ సంగీతస్పర్ధను చూడకుండ పాతయేటిని సాగనంపుట ఆ దేశమున ఎన్నో కుటుంబములకు ఊహకైనను రాని సంగతి. అట్టి రాత్రియందే, 1979 డిసెంబరు 31వ తేదీన, నిప్పన్ టెలివిజను అను వేఱొక సంస్థ ఆ మహాస్పర్ధకు ఎదురుగా ఒక హాస్యకార్యక్రమమును నిలిపినది. దాని పేరు కసో తైషో. వేషధారణకు మహాబహుమతి యని స్థూలముగా చెప్పుకొనవచ్చును. విదేశములలో దానిని ‘మాస్కరేడ్’ అను పేర ఎఱుగుదురు. నటనను వృత్తిగా గైకొనని సామాన్యులు, తమ యింట తమ చేతులతో అట్టలు కత్తిరించి, గుడ్డలు కుట్టి, రంగులు పూసి సిద్ధపఱచుకొన్న వేషములతో వేదిక నెక్కి, ఒకటి రెండు నిమిషములలో ఒక చిత్రమైన ఊహను కన్నులకు కట్టించి, నవ్వించి, దిగిపోవుదురు. దాని స్వరూపమంతయు ఇంతే. ఇంత చిన్న విషయము నాలుగు దశాబ్దములు దాటి బ్రదికినది. తెలుగు టెలివిజనులో హాస్యము పేర జరుగుచున్నదానిని చూచి నొచ్చుకొనువారు, నొచ్చుకొనుటతో నిలిచిపోక, ఆ కార్యక్రమము యొక్క కట్టుబాట్లను ఒకమాఱు శ్రద్ధతో పరిశీలింపవలయునని నా మనవి.

ఆ వేదికపై నిలువుగా ఒక దీపస్తంభము ఉండును. పదిమంది న్యాయనిర్ణేతలు కూర్చుందురు. ఒక్కొక్కరు రెండేసి మార్కుల వఱకు ఈయవచ్చును, అన్నియు కలిసిన ఇరువది. ప్రదర్శన ముగియగనే స్తంభముపై దీపములు అడుగు నుండి ఒక్కొక్కటిగా వెలుగుచు పైకి ప్రాకును. పదిహేనవ దీపము వెలిగినచో ఆ జట్టు గెలిచినట్లు; పదునాలుగింట నిలిచిపోయినచో ఓడినట్లు. అన్నింటిలో ఉత్తమమైన దానికి పది లక్షల యెన్‌ల బహుమతి. ఈ ఏర్పాటునందలి గుణము పైకి కనబడినంత చిన్నది కాదు. న్యాయనిర్ణేతలు తమ పాండిత్యమును ప్రదర్శించుటకు గాని, ఎదుట నిలిచినవానిని మాటలతో పొడిచి తాము నవ్వులు సంపాదించుకొనుటకు గాని ఇందు తావు లేదు. వారు మీట నొక్కుదురు, దీపములు వెలుగును, అంతే. ఆ పది పదునైదు క్షణములలో దేశమంతయు చూచునది న్యాయనిర్ణేతల ముఖములను గాదు. మెడ యెత్తి దీపములవంక చూచుచున్న ఒక బడిపిల్లవాని ముఖమును, వాని వెనుక అట్టతో చేసిన చేప మొప్పలను పట్టుకొని నిలిచిన తండ్రి ముఖమును.

ఈ కార్యక్రమమునకు ఆదినుండియు సూత్రధారి కినిచి హగిమోతో. జనులు ఆయనను ప్రేమతో ‘కిన్-చాన్’ అని పిలుతురు. 1941లో జన్మించిన ఈయన టోక్యో నగరమున అసకుసా ప్రాంతపు నాటకశాలలలో హాస్యవిద్య నభ్యసించి, 1966లో జిరో సకాగామి అను సహచరునితో కలసి ‘కోంతో 55-గో’ అను జంటగా ఏర్పడి, అచిరకాలముననే దేశప్రసిద్ధుడైనాడు. ఒకానొక దశలో ఆయన నడిపిన వారపు కార్యక్రమములను చూచువారి శాతములను కూడినచో నూఱు దాటునని ఆయనకు ‘నూఱుశాతపు మనిషి’ యను బిరుదు కూడ వచ్చినది. ఇంతటి వృత్తినటుడు సామాన్యులవంక తిరుగుట ఆకస్మికము గాదు. 1970ల నాటి రేడియో, టెలివిజను కార్యక్రమములలోనే ఆయన శ్రోతలు పోస్టుకార్డులపై వ్రాసి పంపిన చిన్న చిన్న హాస్యోక్తులను చదివి, వానికి తరగతులు కట్టి, వ్రాసినవానికి ఒక క్షణకాలపు కీర్తిని పంచిపెట్టెడివాడు. తరువాతి కాలమున ఇబరాకి ప్రాంతమున ఔత్సాహికులతో ఒక బేస్‌బాల్ జట్టును నెలకొల్పినాడు. డెబ్బది మూడేండ్ల వయస్సున, 2015లో, కొమజవా విశ్వవిద్యాలయమున బౌద్ధశాస్త్రము చదువుటకు విద్యార్థిగా చేరినాడు. ఏ పనియందైనను నేర్చుకొనుచున్నవానిని చూచినచో ఆయనకు గౌరవము కలుగునని ఈ జీవితమును గమనించినవారికి తోచక మానదు. ఆ గౌరవమే కసో తైషో యొక్క వెన్నెముక. 2002 నుండి షింగో కతోరి అను యువగాయకుడు ఆయన ప్రక్కన నిలిచి నడుపుచు వచ్చినాడు. 2021లో తొంబది యెనిమిదవ కార్యక్రమము చివర హగిమోతో తనకిక సెలవని ప్రకటించినను, పిమ్మట ఆ వేదికకు తిరిగి వచ్చినాడు.

ఇక ప్రదర్శనల మాట. వీనిలో లోకమంతట ఎక్కువ మంది చూచినది 2003లో బహుమతి పొందిన పింగ్‌పాంగ్ ప్రదర్శనము. ‘మాట్రిక్స్’ అను హాలీవుడ్ చిత్రమున పాత్రధారులు గాలిలో తేలుచుండగా కెమెరా వారి చుట్టు తిరుగుట మనవారు కూడ చూచినదే. కోట్ల డాలర్ల ఖర్చుతో, కంప్యూటర్ల సాయముతో సినిమావారు సాధించిన ఆ ఇంద్రజాలమును కొందఱు సామాన్యులు ఒక బల్ల, రెండు బ్యాట్లు, ఒక తెల్లబంతి, నల్లగుడ్డలు వీనితో వేదికపై సాధించినారు. నల్లని తెర ముందు నఖశిఖపర్యంతము నల్లబట్టలు ధరించినవారు కొందఱు ఇద్దఱు ఆటగాండ్రను ఎత్తిపట్టి గాలిలో నడిపింతురు. బల్లను త్రిప్పుదురు, వంతురు. బంతిని మెల్లమెల్లగా ఈ కొననుండి ఆ కొనకు తీసికొనిపోవుదురు. బల్ల తిరిగినపుడు తిరిగినది బల్ల యని చూపరికి తోచదు. తానే ఆ క్రీడాకారుల చుట్టు ఎగురుచు పోవుచున్నట్లు తోచును. కదలలేని ప్రేక్షకుని కదలించిన ఈ ఊహ ఏ చలనచిత్ర కళాశాలలోనైనను పాఠముగా చెప్పదగినది. అందు యంత్రము లేదు. ఉన్నదెల్ల ఎవరెవరు ఎప్పుడెప్పుడు ఎంతెంత బరువు మోయవలయునో తెలిసికొనుటకు జట్టంతయు కలసి చేసిన సాధన.

నల్లబట్టలవారిని గూర్చి మఱికొంత చెప్పవలసియున్నది. కబుకి నాటకములందు వేదికపై వస్తువుల నందించు సేవకులు, బున్‌రాకు బొమ్మలాటయందు బొమ్మల నాడించు సహాయకులు నల్లని ముసుగులతో అందఱి కన్నులయెదుటనే తిరుగాడుదురు. నలుపు ధరించినవాడు లేనివాడే యని ప్రేక్షకులకును నటులకును తరతరములుగా ఒడంబడిక. బున్‌రాకునందు ఒక్కొక్క బొమ్మకు ముగ్గురు మనుష్యులు: తలను, కుడిచేతిని ఒకడు, ఎడమచేతిని ఒకడు, పాదములను ఒకడు ఆడింతురు; పాదములయొద్ద మొదలిడినవాడు తలవఱకు వచ్చునప్పటికి దశాబ్దములు గడచిపోవును. మన తోలుబొమ్మలాటయందు ఆటగాండ్రు తెఱవెనుక, దీపము వెలుగున, కంటికి కనబడకుండ నిలిచి కేతిగానిని, బంగారక్కను ఆడింతురు. జపానువారు తెఱను కూడ తీసివైచి, చూడనట్లుండు ప్రేక్షకుని మర్యాదనే తెఱగా చేసికొన్నారు. ఈ సంప్రదాయము పండితులదిగా మిగిలిపోక, ఒక ఊరి ఉపాధ్యాయుడు, ఒక కార్యాలయమున పనిచేయు గుమస్తా, ఒక గృహిణి దానిని తమ సొత్తుగా తీసికొని నవ్వుటకు వాడుకొనుట కసో తైషోయందు నాకు అన్నింటికంటె మిక్కిలి విలువైనదిగా కనబడును. ఒక జాతి తన ప్రాచీన కళను కాపాడుకొనుటకు పురస్కారములు, అకాడమీలు, ప్రదర్శనశాలలు ఉన్నవి. కాని ఆ కళ సామాన్యుని చేతి పనిముట్టుగా మాఱినదా లేదా యనునది వేఱు ప్రశ్న. అక్కడ మాఱినది.

ఇంకొక సంగతి. పింగ్‌పాంగ్ ప్రదర్శనమున ముఖము కనబడినవారు ఇద్దఱే. శ్రమ చేసినవారిలో మిగిలినవారందఱు ముసుగులలోనివారు. బరువు మోసినది వారు, చప్పట్లు మొదట పోయినది బంతి నాడినవారికి. అయినను బహుమతి జట్టుది. టెలివిజను తెఱపై ఒక్క క్షణమైనను తన ముఖము కనబడవలయునని లోకమంతయు తహతహలాడుచున్న కాలమున, ముఖము కనబడకుండుటకై నెలల తరబడి అభ్యసించి వచ్చిన సామాన్యులను చూచినచో మనస్సు ఆర్ద్రమగును.

వస్తువుల పేదఱికము ఈ కార్యక్రమమునకు లోపము గాదు, బలము. సముద్రపు అలను చూపవలయునన్న నలుగురు మనుష్యులు నీలిగుడ్డ కప్పుకొని లేచి వంగుదురు. ఎత్తైన గోడను ప్రాకుచున్నట్లు చూపవలయునన్న గోడను నేలపై పఱచి దానిపై పొరలుదురు. రొట్టె కాలి పైకెగురుట, కప్ప గంతు వేయుట, పువ్వు విప్పారుట, ఇట్టి నిత్యజీవితపు అల్పవిషయములే ఇతివృత్తములు. మాటలు మిక్కిలి తక్కువ. అందుచేతనే భాష తెలియని దేశములలో కూడ పిల్లలు వీనిని చూచి నవ్వుచున్నారు. భరతముని హాస్యరసమునకు విభావములను చెప్పుచు వికృతవేషమును, వికృతాలంకారమును ముందుగా పేర్కొన్నాడు. స్మితము మొదలు అతిహసితము వఱకు నవ్వును ఆఱు విధములుగా విభజించి, ఉత్తములకు తగినవి ఇవి, అధములకు తగినవి ఇవి యని నిర్ణయించినాడు. ఆ విభాగమున మనుష్యులకు తరతమములు కట్టుటను మనము నేడు ఒప్పుకొననక్కఱలేదు గాని, నవ్వులన్నియు ఒక్కటి కావనిన ఆయన మూలభావము మాత్రము ఖండింపరానిది. ఒక వస్తువు వేఱొక వస్తువుగా మాఱినపుడు కలుగు విస్మయమునుండి పుట్టు నవ్వు ఒకటి. ఒక మనిషి కిందపడినపుడు పుట్టు నవ్వు వేఱొకటి.

ఈ రెండవదానిపై టెలివిజను లోకమున గొప్ప వ్యాపారమే నడచినది. అమెరికాయందు 1976లో ఎన్.బి.సి.వారు ‘గాంగ్ షో’ను మొదలుపెట్టినారు, చక్ బారిస్ దాని నిర్వాహకుడు. అందును ఔత్సాహికులే వచ్చి తమ విద్య ప్రదర్శించెడివారు. కాని నచ్చనిచో న్యాయనిర్ణేత లేచి పెద్ద కంచుపళ్ళెమును మ్రోగించి, సగములోనే వారిని పంపివైచెడివాడు. జనులు చూచినది ప్రదర్శనలకంటె ఆ మ్రోతకొఱకే యనిన అతిశయోక్తి గాదు. జపానులోనే టి.బి.ఎస్. సంస్థవారు 1986లో ప్రారంభించిన ఒక హాస్యకార్యక్రమమున ప్రేక్షకులు తమ ఇండ్లలో తీసిన వీడియోలను చూపుట మొదలుపెట్టగా, ఆ ఊహను అమెరికా ఏ.బి.సి.వారు గైకొని 1989లో ప్రత్యేక కార్యక్రమముగను, మఱుసటియేట వారవారము వచ్చు కార్యక్రమముగను మలచినారు. పెండ్లిలో కేకుమీద పడిన పెండ్లికొడుకు, ఊయల నుండి జారిన పిల్లవాడు, కుక్క లాగగా నీటిలో పడిన తాతగారు. ఇవి కూడ ఇంటిలో పుట్టినవే, సామాన్యులవే. అయినను వానిని ఎవరును సృజింపలేదు; అవి వారికి సంభవించినవి. సంభవించినదానికి బహుమతి నిచ్చుటకును, సాధించినదానికి బహుమతి నిచ్చుటకును గల దూరము చాల పెద్దది.

మన తెలుగు ఇండ్లలో జపాను టెలివిజను అనినచో ఒక తరమునకు జ్ఞప్తికి వచ్చునది ‘తకేషీస్ క్యాజిల్’. పోగో చానలులో జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానముతో వచ్చిన ఆ ఆటను మన పిల్లలు బడినుండి రాగానే సంచులు దించకుండ చూచెడివారు. రాళ్ళపై దుముకుచు బురదలో పడువారు, తలుపును ఢీకొని వెనుకకు విఱుచుకొని పడువారు. వందమంది పడిన పిమ్మట పదిమంది మిగులుదురు. అందును సామాన్యులే పాల్గొన్నారు, అదియు ఒక విధమైన ఉల్లాసమే. దానిని నిందించుట నా ఉద్దేశము గాదు. జపానువారు సహజముగనే మృదుహాస్యప్రియులని, కసో తైషో వారి జాతిస్వభావమని చెప్పుట మాత్రము తప్పు. పడుటను చూచి నవ్వించిన కార్యక్రమములు కూడ అదే దేశమున పుట్టినవి. కసో తైషో అట్లున్నదనిన, కొందఱు మనుష్యులు అట్లుండవలయునని నిశ్చయించుకొని, ఏటేట ఆ నిశ్చయమును నిలువబెట్టుకొన్నందువలన. కనుక అది మనకు అందనిది గాదు.

దీపములు పదునాలుగింట నిలిచిపోయినపుడు జరుగునదానిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలయును, ఏలయన దానిపై భిన్నాభిప్రాయములు కలవు. ఒక పసిపిల్ల కన్నీరు బిగబట్టుకొని నిలిచియుండగా హగిమోతో న్యాయనిర్ణేతలవైపు తిరిగి, ఏమి లోపము కనబడినదని అడుగును. రెండు మార్కులీయనివారు తమ కారణము చెప్పవలయును. కొన్ని వేళల ఆ కారణము చెప్పబోయి, చెప్పలేక, నవ్వి, ఇంకొక మార్కు కలుపుదురు, పదిహేనవ దీపము వెలుగును, సభ హర్షించును. ఇది న్యాయమునకు భంగమని కొందఱందురు. పెద్దవారి జట్టు పదునాలుగుతో మౌనముగా దిగిపోగా, పిల్లలకు మాత్రము ఈ మినహాయింపు ఏలయని వారి ప్రశ్న. ఆ ప్రశ్నలో బలమున్నది. ఈ విన్నపము తఱచైనచో దీపములకు విలువ తగ్గిపోవునని నేను కూడ ఒప్పుకొందును. అయినను ఇందు నాకు కనబడు మంచి వేఱు. అధికారము కలవాడు తన తీర్పునకు కారణము చెప్పవలసివచ్చుట, చెప్పలేనపుడు సిగ్గుపడక తీర్పును మార్చుకొనుట, ఈ రెండును బహిరంగముగా జరుగుట మన బడులలో, మన కార్యాలయములలో, మన పోటీపరీక్షలలో ఎన్నడైన చూచితిమా? ఒక మార్కు తగ్గిన పిల్లవానికి ఎందుకు తగ్గినదో చెప్పువారు ఉండరు. ఆ పసిపిల్ల ఇంటికి తీసికొనిపోవునది గెలుపు మాత్రమే కాదు. పెద్దవారిని కారణ మడుగవచ్చునను జ్ఞానము కూడ.

ఇక మన సంగతి. తెలుగున టెలివిజను హాస్యమునకు 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో ప్రారంభమైన ‘జబర్దస్త్’ ఒక మలుపు. నాగబాబు, రోజా న్యాయనిర్ణేతలుగా మొదలైన ఆ కార్యక్రమము గురు, శుక్రవారముల రాత్రులను తన వశము చేసికొన్నది. సామాన్య కుటుంబములనుండి వచ్చి, మిమిక్రీయందో చిన్న వేషములందో కాలము గడుపుచున్న ఎందఱో యువకులకు అది అన్నము పెట్టినది, పేరు తెచ్చినది. వారిలో ప్రతిభకు కొదువ లేదు. ఈ ఋణమును ఒప్పుకొనిన తరువాతనే తక్కిన మాట చెప్పుట ధర్మము. ఆ దారిన నడచిన మన హాస్యకార్యక్రమములలో స్కిట్టు అనగా రానురాను మాటల తూటా అయిపోయినది. ఒకని మేని నలుపు, ఒకని పొట్టితనము, ఒకని బట్టతల, ఒకని ఇల్లాలు, చీరకట్టిన మగవాని నడక, రెండర్థముల మాట, వీని చుట్టునే పంచ్ డైలాగు తిరుగుచున్నది. పదిమంది కలసి కూర్చున్న ఇంటిలో ఆడపిల్ల లేచి లోనికి పోవలసిన మాటలు వచ్చినపుడు, అది హాస్యమే గదా యని సరిపెట్టుకొనుట మనకు అలవాటైనది. అంతకు మించి నన్ను బాధించునది, అక్కడ చేతిపనికి చోటు లేకపోవుట. తెఱ వెనుక అద్దెకు తెచ్చిన గృహోపకరణములు, అద్దెకు తెచ్చిన దుస్తులు. ముందు మాటలు, మాటలు, ఇంకను మాటలు. కంటికి ఆశ్చర్యము లేదు.

మనకు ఆ విద్య తెలియక కాదు. 1885 నుండి సురభి కుటుంబములవారు వేదికపై బాణములు గాలిలో ఢీకొనునట్లును, ఘటోత్కచుని మాయలు కన్నులయెదుట జరుగునట్లును తీగలతో, తెఱలతో, దీపములతో చేసి చూపుచున్నారు. పగటివేషగాడు సగము పురుషుడు, సగము స్త్రీ అయి అర్ధనారీశ్వరుడుగా వీధిలో నడచి, ఒక నల్లగుడ్డను ఇటునుండి అటు త్రిప్పినంతనే శివుడు పార్వతి యగుట మన తాతలు చూచినారు. దసరాకును, పీర్ల పండుగకును ఒడలంతయు పసుపు నలుపు చారలు పూసికొని పులివేషము కట్టినవారు మన ఊళ్ళలోని కూలివారు, చేతివృత్తులవారు. వారు వృత్తినటులు గారు, ఔత్సాహికులు. ఆ వేషమును ఇంటిలో కట్టినారు, ఊరిలో ఆడినారు, ఊరు నవ్వినది, భయపడినది, రూపాయి యిచ్చినది. ఈ సంప్రదాయమునకు నేడు మిగిలిన శేషమేమన, బడులలో జరుగు ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. అందులో పిల్లవాడు అల్లూరి సీతారామరాజు, పిల్ల భారతమాత. ఆ విల్లు, ఆ కిరీటము, ఆ మీసము ముందురోజు దుకాణమున అద్దెకు తెచ్చినవి. మాటలు తల్లి వ్రాసియిచ్చినవి. పిల్లవాడు కత్తెర పట్టలేదు, జిగురు పూయలేదు. ఆ పోటీయందు గెలిచినది ఎవరని అడిగినచో దుకాణమువాడని చెప్పవలసివచ్చును. ఒక పాత అట్టపెట్టెతో ఆటో అయి, నడుమునకు దానిని తగిలించుకొని, నోటితో హారను మ్రోగించుచు వచ్చిన పిల్లవానికి మొదటి బహుమతి నిచ్చు బడి యెక్కడనున్నదో, ఆ బడికి నా నమస్కారము.

సామాన్యులు ఊరకున్నారనుటయు నిజము గాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి యను పల్లెనుండి ‘మై విలేజ్ షో’ అను పేర యూట్యూబులో వచ్చిన చిన్న చిత్రములు తెలుగువారినందఱిని నవ్వించినవి. పొలములో పనిచేసికొను గంగవ్వ యను వయోవృద్ధ అందు తన సహజమైన మాటతో, నడకతో, కోపముతో ప్రసిద్ధురాలైనది. ఆ చిత్రములకు ఊరే రంగస్థలము, ఇరుగుపొరుగువారే పాత్రధారులు. టిక్‌టాక్ 2020లో నిషేధింపబడుటకు పూర్వము ఎందఱో కూలివారు, గృహిణులు, విద్యార్థులు పావునిమిషపు వేషములతో తమలోని హాస్యమును బయటపెట్టుకొన్నారు. ఊహలు కలవు, చేయుచేతులు కలవు, చూచుకన్నులు కలవు. లేనిది, ఇంటిల్లిపాదియు ఒకచోట కూర్చుండి చూడగల వేదిక. ఫోనులో ఎవరికి వారు ఒంటరిగా నవ్వుకొనుటకును, తాత మనుమలు ఒకే వేషమును చూచి ఒకేమాఱు నవ్వుటకును గల భేదమును టెలివిజనువారు మాత్రమే ఇంకను పూడ్చగలరు.

దీనికి చెప్పు అభ్యంతరములు నాకు తెలియును. ఔత్సాహికులు గంటసేపు జనులను కూర్చోబెట్టలేరని, టి.ఆర్.పి. రాదని, వృత్తినటుల పొట్ట కొట్టినట్లగునని చెప్పుదురు. మొదటిదానికి సమాధానము కసో తైషోయే: ఒక్కొక్క వేషము రెండు నిమిషములు దాటదు, విసుగు పుట్టుటకు వ్యవధి ఉండదు, నచ్చనిది గడచి నచ్చునది వచ్చునప్పటికి చూపరి ఇంకను కుర్చీలోనే ఉండును. మూడవదానికి సమాధానము హగిమోతో: సామాన్యుల వేదికకు నిపుణుడైన వృత్తినటుడు కావలయును, ఎంతో కావలయును. ఏ పిల్లవానిని ఎప్పుడు పలుకరింపవలయునో, ఏ ముసలివాని తత్తరపాటును ఏ మాటతో సర్దవలయునో, నవ్వు తనవైపు రాబోవుచుండగా దానిని ప్రక్కవానివైపు మఱలించుట ఎట్లో, ఇవి జీవితమంతయు హాస్యమున పండినవానికి గాని తెలియవు. మన హాస్యనటులలో అట్టివారు కలరు. ఇక టి.ఆర్.పి. మాట. అది వచ్చునని నేను ప్రమాణము చేయజాలను. ఏడాదికి ఒకటి రెండు మాఱులు మాత్రమే వచ్చు కార్యక్రమమునకు దానిని వారవారపు కొలతతో కొలువరాదని మాత్రము చెప్పగలను. కసో తైషో వారవారము వచ్చునది గాదు. సాధనకు నెలలు పట్టు పనిని వారమునకొకటి యిమ్మని అడుగుటతోనే మన హాస్యము సగము చెడినది.

కనుక నా కోరిక స్వల్పము. సంక్రాంతి మూడు దినములలో ఒక్క సాయంకాలము, ఏదో ఒక తెలుగు చానలువారు, సినిమావారి ఆటపాటలకు కేటాయించు ఆ మూడు గంటలను ఇంటి వేషములకు వదలవలయును. శ్రీకాకుళమునను, ఆదిలాబాదునను, అనంతపురమునను, సరిహద్దులకు ఆవల బరంపురమునను, హోసూరునను ముందుగా ఎంపికలు జరుపవలయును. అక్కడి తెలుగువారు ఏ పండుగ కార్యక్రమమునందైనను ప్రేక్షకులుగా తప్ప పిలువబడుట అరుదు. నియమములు మూడు చాలును: అద్దెకు తెచ్చిన వస్తువు వేదిక నెక్కరాదు, రెండు నిమిషములు దాటరాదు, ఎవరి రూపమునైనను, కులమునైనను, యాసనైనను ఎగతాళి చేయు వేషము ఎంపికలోనే నిలిచిపోవలయును. న్యాయనిర్ణేతలలో సినిమా తారలు ఒకరిద్దఱు ఉండవచ్చును గాని, తక్కినవారు వేఱుగా ఉండవలయునని నా పట్టుదల. ఒక దర్జీ, ఒక వడ్రంగి, ఒక డ్రాయింగు మాస్టారు, ఒక పగటివేషగాడు, అంగన్‌వాడీలో పిల్లల నాడించు ఒక టీచరు. అట్టముక్క వంగకుండ నిలుచుటకు లోపల ఎన్ని పుల్లలు గుచ్చవలసివచ్చునో, ఆ పులితోక అట్లు ఊగుటకు ఎవరు ఎన్ని రాత్రులు కూర్చుండి కుట్టినారో వారికి తెలియును. మీట వారి చేతిలో నుండవలయును.